వంటింట్లో రెండు కాళ్ళు

పెద్దింటి వంటావిడ రోలక్క, బావిలోంచి చేద తోడినట్టు, ఒంటిచేత్తో దొంగను గోడలోంచి లాగిందని ఊరంతా చెప్పుకుంటారు. ఆ ఊపుకి వాడు జానెడు పొడవు పెరిగాడని కూడా అంటారు. కూర్చుంటే రోలులా కదలదని ఆమెకు ఆ పేరు. లాగడం మాత్రం ఆమె వల్లయ్యే పని కాదు. మోకాళ్ళు ఎప్పుడో మొరాయించాయి.

అంతకు నెల ముందు ఆ ఇంట్లో వెండి కూజాలు పోయాయి. తలుపులు వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఇంకేముంది, వీధి వాకిట కాపలా ఉన్న రోలక్క కొడుకే ఎవరినో లోపలికి వదిలాడన్నారు యజమాని. కుర్రాణ్ణి ఠాణా కొట్లో పడేశారు. తల్లిని మాత్రం పనిలోంచి తీసెయ్యలేదు. ఆమె వంటకి అలవాటుపడ్డ నాలుకలు కదా!

ఒకరోజు ఇంటిల్లిపాదీ పెళ్ళికి బయల్దేరారు. యజమానిగారి అక్క రోలక్కను లోపలే ఉంచి వంటింటికి బయట తాళం వేసింది.

"ఏమీ అనుకోకే. కొడుకు బుద్ధి నీకూ ఉంటేనో?"

"పిల్లిని కూడా లోపలే ఉంచండమ్మా. పాలకుండ దగ్గర అసలు దొంగ అదే."

మధ్యాహ్నం కట్టెల వెనక ఏదో గీకుతున్న చప్పుడైంది. ఆ ఇంట్లో కట్టెలకు చెమ్మ తగలకూడదని గోడకు ఎడంగా పేర్చేవారు. ఆ సందులోకి తొంగిచూసిన పాపాన ఎవరూ పోలేదు. రోలక్క చూసింది. ఇటుకలు ఒక్కొక్కటే బయటికి జారుకుంటున్నాయి. చుట్టూ ఉన్న మట్టి ఈమధ్యే ఎవరో మెత్తినట్టుంది. కూజాలు వెళ్ళిన దారి ఇదే!

అరిస్తే పారిపోతారు. పారిపోతే కొడుకు కొట్లోనే మగ్గుతాడు.

ముందు గుడ్డ చుట్టిన కుండ లోపలికొచ్చి, మనిషి తలలా అటూ ఇటూ ఊగింది. ఎవరైనా కాచుకుని ఉంటే దాన్నే బాదుతారని కన్నపు దొంగల ఎత్తు. రోకలి పట్టుకున్న రోలక్క చెయ్యి దురదపెట్టింది కానీ, పళ్ళ బిగువున ఊరుకుంది. కుండ వెనక్కి పోయింది. తర్వాత రెండు కాళ్ళు వచ్చాయి. నడుము దాకా రానిచ్చి, కవ్వం తాడుతో ఆ కాళ్ళకు ఉచ్చు బిగించి, రెండో కొస స్తంభానికి చుట్టేసింది.

"ఒరేయ్, నన్ను బయటికి లాగరా!" ఇరుక్కున్నవాడు గోడ అవతల కేక పెట్టాడు.

"లోపలికి పోతానని ఇప్పుడేగా అన్నావు మామా?"

"నీ మొహం తగలెయ్య! లాగరా!"

వీధిలో జనం అలికిడి కాగానే తోడుదొంగ మామను వదిలేసి పరుగందుకున్నాడు.

"మంచి అల్లుణ్ణే ఎంచుకున్నావయ్యా," అంది రోలక్క, స్తంభానికి చేరగిలబడుతూ.

పెళ్ళినుంచి తిరిగొచ్చిన యజమాని తాళం తీసి, ఆ కాళ్ళను చూసి నోరు వెళ్ళబెట్టారు. గోడ అవతల, జనం పిలుచుకొచ్చిన ఠాణా భటులు నాలుగు మాటలడిగేసరికి, కూజాలు తీసింది కూడా తామేనని దొంగ ఒప్పేసుకున్నాడు.

"ఇంక తాడు విప్పవే," అంది అక్కగారు.

"నా కొడుకుని తీసుకొచ్చాకేనమ్మా."

"అందాకా వీడు గోడలోనే ఉండాలా?"

"మావాడు నెల్లాళ్ళు కొట్లో ఉండలేదా?"

యజమాని ఎవరినీ పురమాయించకుండా, చెప్పులు తొడుక్కుని తనే ఠాణాకు నడిచారు.

జనం చెప్పుకునే కథలో దొంగ ఉన్నాడు, గోడ ఉంది, రోలక్క చేతి బలం ఉంది. ఆ తాడు ముడి విప్పింది ఆమె కొడుకన్న సంగతి లేదు.