తిరిగి చెప్పడం

సముద్రం ఛాయలు కూడా లేని మడికొండ పక్కన ఓడల కాలేజీ అంటే ఆటోవాళ్లు పగలబడి నవ్వేవాళ్లు. అందులో నేను లైఫ్‌బోట్ పాఠం చెబుతాను. మాకు సముద్రమంటే ఒక పెద్ద సిమెంటు తొట్టి, దాని మీద ఇనుప తాడుకు వేలాడే పడవ.

మా పాత ప్రిన్సిపాల్ ఓడ కెప్టెన్‌గా రిటైరై వచ్చిన పెద్దమనిషి. ఓడలో ఎవరైనా ఆజ్ఞ ఇస్తే విన్నవాడు దాన్ని పైకి తిరిగి చెప్పాలి. చెప్పకపోతే విననట్టే లెక్క. ఆ అలవాటును ఆయన కాలేజీకి తెచ్చాడు. మేం ఏదైనా అడిగితే ముందు మా మాటే మాకు తిరిగి చెప్పేవాడు. "తాడుకు గ్రీజు లేదు, రేపటికల్ల కావాలె. గంతే గదా?" ఆ మాట విన్న రోజు నా పాఠం దానంతట అదే నడిచేది.

ఆయన గుండెపోటుతో పోయాడు. కొత్తాయన తలూపుతాడు, ఫోన్ చూసుకుంటాడు, "చూద్దాం" అంటాడు. ఏడాది తిరిగేసరికి నా గొంతులో పస పోయింది. పిల్లల చేత తిరిగి చెప్పించే అలవాటు ఒక్కటే మిగిలింది. ఖాళీ వరండాలో నడుస్తుంటే మాత్రం వెనక నుంచి "గంతే గదా?" అని వినబడేది. తిరిగి చూడాలంటే భయమేసేది.

మొన్న తాడు పోగులు విడిపోతున్నాయని కొత్తాయనకు చెప్పాను. తలూపాడు.

డ్రిల్ రోజు కాలేజీ ప్రచారానికి ఫోటోలు తీసేవాళ్లు వచ్చారు. నేను వచ్చేలోగా కొత్తాయనే పిల్లల్ని పడవ ఎక్కించేశాడు.

"దించొద్దు, తాడు తెగుతది!" అని అరిచాను.

"ఏం గాదు సార్, జర దించుండ్రి. ఫోటోలోళ్లు పోతాండ్రు," అన్నాడు కొత్తాయన.

పడవను దించే పని నాదే, వెళ్లి పిడి పట్టుకున్నాను. దించకపోతే ఉద్యోగం ఊడుతుందని తెలుసు. అయినా పిడి కదపలేదు.

"నేనేమన్ననో ఒక్కసారి తిరిగి చెప్పుండ్రి సార్," అన్నాను.

ఆయన అయోమయంగా చూశాడు. నా మాట ఆయన చెవిన పడనే లేదు.

పడవలోంచి ఒక గొంతు లేచింది. "దించొద్దన్నరు. తాడు తెగుతదన్నరు." మిగతావాళ్లూ అందుకున్నారు. ఒక్కొక్కరే గట్టు మీదికి దిగిపోయారు.

వీళ్లలో ఎవరూ ఆ పాత ప్రిన్సిపాల్‌ని చూసినవాళ్లు కాదు. ఖాళీ పడవ ఇంకా ఊగుతుండగా నా వెనక ఎవరో, "గంతే గదా?" అన్నారు.

"గంతే సార్," అన్నాను, వెనక్కి తిరగకుండానే.