పక్కసీటు మేస్త్రి

ఆయన అసలు పేరు షెడ్డులో ఎవరూ పిలవరు. పక్కసీటు మేస్త్రి అంటేనే తెలుస్తుంది. కొండలెక్కే బళ్ళకు వెనక ఇరుసు పని చేయడంలో ఆయన తర్వాతే ఎవరైనా. అయితే ఆ పేరు వచ్చింది పనితనానికి కాదు, చాదస్తానికి. ఇరుసులో లాకర్ బిగించమని ఎవరు బండి తెచ్చినా, పానా పట్టుకోకముందే డ్రైవర్ పక్క సీట్లో ఎక్కి కూర్చుంటాడు. క్వారీ దారిలో ఒక చుట్టు తిప్పమంటాడు. దారిపొడుగునా బండి వంక చూడడు, డ్రైవర్నే చూస్తాడు. పెళ్ళిచూపుల్లో కూడా తమనెవరూ అంత పరీక్షగా చూడలేదని డ్రైవర్లు నవ్వుకునేవారు.

లాకర్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. మామూలు బండిలో వెనక చక్రం ఒకటి బురదలో జారితే ఇంజను బలమంతా దానికే పోయి అది గిర్రున తిరుగుతుంది. గట్టి నేల మీదున్న రెండోది నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటుంది. లాకర్ ఆ రెంటినీ కలిపి కట్టేస్తుంది, బండి బయటపడుతుంది. కానీ మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ పోవాలి. అప్పుడు కూడా కట్టేసే ఉంటే బండి స్టీరింగు మాట వినదు, నేరుగా పోతానంటుంది.

ఈ లాకర్లలో రెండు రకాలు. ఒకటి దానంతట అదే బిగుసుకుని, మలుపులో దానంతట అదే వదులుతుంది. టకటకమని చప్పుడు చేస్తుంది, టైర్లను తినేస్తుంది, ఒక్కోసారి ఒళ్ళు అదిరేలా కుదుపుతుంది. రెండోది గాలితో పనిచేస్తుంది. స్విచ్చి నొక్కితే బిగుసుకుని డ్రైవర్ ముందు ఎర్ర దీపం వెలుగుతుంది, మళ్ళీ నొక్కితే వదులుతుంది. చప్పుడు లేదు, కుదుపు లేదు. కాకపోతే వదిలించే సంగతి డ్రైవరుకు గుర్తుండాలి.

మేస్త్రి పక్కసీట్లో కూర్చుని కనిపెట్టేది ఆ ఒక్కటే. ఇండికేటర్ వేసి తీయడం మరిచాడా, హ్యాండ్‌బ్రేకు దించకుండానే కదిలించాడా, ఇప్పుడే దాటిన గుంటలోనే తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ దించాడా అని చూస్తాడు. మరిచే మనిషైతే స్విచ్చి ఇవ్వడు. కాళ్ళావేళ్ళా పడినా ఇవ్వడు, దానంతట అదే వదిలేదే బిగిస్తాడు. అందుకే మొదటి రకానికి మతిమరుపు లాకర్ అని పేరు స్థిరపడింది. అది బిగించుకుని బయల్దేరిన ప్రతి డ్రైవర్నీ ఎదుటి టైర్ల కొట్టాయన "ఇల్లు ఎటువైపో గుర్తుందా గురూ?" అని ఏడిపించేవాడు.

మేస్త్రి అన్నయ్య కూడా డ్రైవరే. తమ్ముడికంటే పన్నెండేళ్ళు పెద్ద. తండ్రి పోయేనాటికి మేస్త్రికి తొమ్మిదేళ్ళు. స్టీరింగు పట్టి ఇల్లు నిలబెట్టింది అన్నయ్య. తమ్ముణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని గేరు మారే చప్పుడు వినడం నేర్పిందీ ఆయనే. ఇప్పుడాయన కొండ మీద కడుతున్న సెల్‌టవర్లకు ఇనుము, సిమెంటు చేరవేస్తున్నాడు. వానలు మొదలైన వారానికి బండి తెచ్చి షెడ్డు ముందు ఆపాడు.

"ఏరా, లాకర్ పెట్టెయ్. ఈ వారంలో రెండుసార్లు దిగబడ్డాను. ట్రాక్టరు తెచ్చి లాగించాల్సి వచ్చింది."

"పెడదాం అన్నయ్యా. ఏది పెట్టమంటావు?"

"నన్నడుగుతావేంట్రా? స్విచ్చిదే. ముప్పై ఐదేళ్ళ నుంచి తొక్కుతున్నాను, నాకు వేరేది దేనికి?"

మేస్త్రి తలూపాడు. అన్నయ్య జేబులన్నీ తడుముకున్నాడు. తాళాలు కనిపించడం లేదన్నాడు. తాళాలు ఎడమ చేతిలోనే ఉన్నాయి. నవ్వేసి టీ తాగావా అని అడిగాడు. ఇద్దరూ టీ తాగి గ్లాసులు కింద పెట్టాక మళ్ళీ అదే అడిగాడు. పట్టపగలు బండి హెడ్‌లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. మేస్త్రి ఇదంతా చూశాడు. ఊరందరిలో తప్పులు పట్టే కళ్ళకు అన్నయ్య తప్పులు కనపడకుండా ఎలా పోతాయి? కనపడ్డాయి. నిద్ర చాలలేదేమో, వయసు కదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. అయినా కాళ్ళు ఊరుకోక బండి అవతలి వైపుకు నడిచి, పక్కసీటు తలుపు మీద చెయ్యి వేశాడు.

ఎదుటి కొట్టాయనకు నోరూరుకోదు కదా. "ఏం మేస్త్రీ, అన్నగారికి కూడా పరీక్షేనా? మతిమరుపు లాకరే ఖాయమా?" అని కేకేశాడు.

అన్నయ్య పడీపడీ నవ్వాడు. "వీడికి క్లచ్చు తొక్కడం నేర్పింది నేను. నా పక్కన కూర్చుని నాకే మార్కులేస్తాడా!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు. తలుపు మీది చెయ్యి తీసేశాడు. పదిమంది ముందు పెద్దవాడి పరువు తీయకూడదనుకున్నాడు. ఆ మర్యాదను తగలెయ్య! మనిషికంటే మనిషి పరువును ముందు కాపాడుకునే మన బుద్ధినేమనాలి? అన్నయ్య ఒక్కడే ఉన్నప్పుడు అడగొచ్చుగదా, మర్నాడు ఇంటికెళ్ళి పిలిచి పక్కసీట్లో కూర్చోవచ్చుగదా అంటే, వెళ్ళలేదు. మూడు రోజులు ఇరుసు ముందు మోకాళ్ళ మీద కూర్చుని స్విచ్చిదే బిగించాడు. బోల్టు బోల్టుకూ రెండుసార్లు చూసుకున్నాడు. అంత శ్రద్ధగా ఆయన ఎవరి బండికీ చేయలేదు.

బండి తీసుకెళ్ళిన పదకొండో రోజున అన్నయ్య కొండ మీద సరుకు దించి ఖాళీ బండితో దిగుతున్నాడు. పైన బురద ఉన్నచోట స్విచ్చి నొక్కాడు, బండి చక్కగా బయటపడింది. తర్వాత తారు రోడ్డు వచ్చింది. తడి రోడ్డు, మొదటి మలుపు. స్టీరింగు తిరిగింది, బండి తిరగలేదు.

ఆసుపత్రిలో రెండో రోజు అన్నయ్యకు కాసేపు స్పృహ వచ్చింది. మేస్త్రి మంచం పక్కన నిలబడి ఉన్నాడు.

"ఏదో ఎర్ర దీపం వెలిగిందిరా," అన్నాడు అన్నయ్య మెల్లగా. "దేనికో గుర్తురాలేదు. కిందికొచ్చాక నిన్నడుగుదామనుకున్నాను."

మేస్త్రి దుప్పటి సర్దాడు. నాలుగో రోజున అన్నయ్య పోయాడు.

బండిని పరీక్ష చేసిన అధికారి, బిగింపులో వేలెత్తి చూపే లోపం లేదని రాసిచ్చాడు. షెడ్డువాళ్ళు ఆ కాగితాన్ని మేస్త్రికి ఓదార్పుగా చదివి వినిపించారు. ఆయన లేచి వెళ్ళి కుళాయి దగ్గర చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందని తన వెనక ఎవరైనా అంటే బాగుండుననుకున్నాడు. ఎవరూ అనలేదు. ఎదుటి కొట్టాయన కూడా తల దించుకునే తిరుగుతున్నాడు.

నెల తిరిగాక ఒక మధ్యాహ్నం వదిన దగ్గరికి వెళ్ళాడు. చెప్పేయాలని వెళ్ళాడు. ఆవిడ వంటింటి గడప దగ్గర కూర్చుని అన్నయ్య చొక్కాల గుండీలు చూసి మడతపెడుతోంది. ఎవరికైనా ఇస్తే తొడుక్కుంటారు కదా అంది. మేస్త్రి ఎదురుగా గోడకానుకుని కూర్చున్నాడు. నోరు విప్పేలోపల ఆవిడే మొదలుపెట్టింది.

"నీకో మాట చెప్పాలయ్యా. చెప్పకపోతే నాకు అన్నం సయించట్లేదు. మీ అన్నయ్యకు ఆర్నెల్ల నుంచి ఏదీ గుర్తుండేది కాదు. గ్యాసు మీద పాలు పెట్టి బయటికెళ్ళిపోయేవారు. ఒకరోజు మన వీధి మలుపు దాటిపోయి, వెనక్కి రావడానికి నన్ను ఫోన్లో దారి అడిగారు. ఎవరికీ చెప్పొద్దన్నారు. బండి నీ దగ్గరికి తెస్తున్నారని తెలిసి నీకు ఫోన్ చేద్దామని తీశాను కూడా."

"చెయ్యలేదేం వదినా?"

"నువ్వు పక్కన కూర్చుని చూస్తావు కదా, నీకే తెలిసిపోతుందిలే అనుకున్నాను. నేను చెప్పానని తెలిస్తే ఆయన బాధపడతారు. అదే నువ్వు కనిపెడితే అంత బాధ ఉండదు కదా అని ఊరుకున్నాను. నీకెందుకు తెలియలేదయ్యా? ఆ రోజు ఆయన బాగానే నడిపారా?"

బాగానే నడిపాడు వదినా అనొచ్చు. అంటే ఆవిడ ఇంకేం అడగదు. ఆ మాట మేస్త్రి నోటిదాకా వచ్చింది.

"నేను కూర్చోలేదు వదినా," అన్నాడు.

ఆవిడ చేతిలోని చొక్కా ఒళ్ళో పెట్టుకుని ఆయన వంక చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు. అర్థం కాక అడిగింది.

"ఎంతసేపు పడుతుందయ్యా అలా కూర్చోవడానికి?"

"అరగంట," అన్నాడు మేస్త్రి.