చాక్లెట్‌కి చుట్టిన కాగితం

అక్టోబరు ఆఖరి రోజు, పిల్లలు ఇంటింటికీ తిరిగే హాలోవీన్ నాడు, అమెరికాలోని మా సెయింట్ లూయిస్‌లో ఏ పిల్లలకీ చాక్లెట్ ఊరికే దొరకదు. వేషం వేసుకుని సంచీ చాపితే చాలదు, ఒక జోకు చెప్పాలి. పాచిపోయిన జోకైనా ఫరవాలేదు, చెప్పాకే చాక్లెట్. ఈ విషయంలో వెర్నా స్టుక్‌మేయర్ అంత ఖచ్చితమైన మనిషి ఊరి దక్షిణం వైపు ఇంకొకరు లేరు. ఇటుక ఇంటి అరుగు మీద చెక్క కుర్చీ వేసుకుని, ఒళ్ళో స్టీలు గిన్నె పెట్టుకుని, "జోకేదీ?" అని పోలీసులా అడిగేది. జోకు విన్నాక మాత్రం గిన్నెలో చాక్లెట్లు ఎగిరిపడేలా నవ్వేది. ఆ నవ్వు కోసం పక్క వీధుల పిల్లలు కూడా వచ్చేవాళ్ళు. మొగుడు పోయి, పిల్లలు లేని మనిషికి ఏడాదిలో ఇంటి ముందు అంత సందడి ఆ ఒక్క సాయంత్రమే.

వెర్నా ఉద్యోగమంతా సర్కారు బడి క్యాంటీన్‌లో వడ్డనే. అక్కడ దేవుడి మాట ఎత్తకూడదని రూలు. వెర్నా ఎత్తలేదు. తల్లి పోయిన పిల్ల ఒకతి పళ్ళెం పట్టుకుని ఏడుస్తుంటే, ఇంకో గరిటెడు బంగాళాదుంప వేసి ఊరుకుంది. అలా ఊరుకోవడం ఆవిడ మనసులో ముల్లై ఉండిపోయింది. రిటైరయ్యాక, ఈ అరుగు నాది, ఇక్కడ నా నోరెవరు మూస్తారనుకుంది. లూథరన్ చర్చి స్నేహితురాలు నోర్మా దానికి వంత పాడింది. ప్రతి అక్టోబరులో ఇద్దరూ వంటింట్లో కూర్చుని ఒక్కో చాక్లెట్‌కి ఒక్కో చిన్న కాగితం చుట్టి రబ్బరు బాండు వేసేవాళ్ళు. కాగితం మీద నవ్వే గుమ్మడికాయ బొమ్మ, దాని కింద యేసు నిన్ను ప్రేమిస్తున్నాడనే మాట. వెనకవైపు చిన్న అక్షరాల్లో, ఆయన్ని నమ్మనివాళ్ళు చచ్చాక ఎక్కడికి పోతారో, అక్కడి మంట ఎలా ఉంటుందో. పిల్లలు చాక్లెట్ తిని కాగితం పారేసేవాళ్ళు. మర్నాడు వెర్నా కాలిబాట మీద వాటిని ఏరుకొచ్చి, నలగనివి పై ఏటికి దాచేది. అంత పట్టుదల.

పక్కింటి మునీబ్, ఫిక్రేతా బోస్నియా వాళ్ళు, ముస్లిములు. అక్కడి యుద్ధంలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చి, చాలా ఏళ్ళు అద్దెల్లో ఉండి, వెర్నా మొగుడు పోయిన చలికాలంలోనే ఆ ఇల్లు కొన్నారు. మొదటి మంచు పడ్డ పొద్దున వెర్నా పార పట్టుకుని తలుపు తీసేసరికి తన మెట్లూ బాటా శుభ్రంగా ఉన్నాయి. మునీబ్ అప్పుడే తన ఇంటి ముందు మంచు తీయడం మొదలుపెడుతున్నాడు. ఆ తరవాత ఏ చలికాలమూ వెర్నాకి పార ముట్టుకునే పని పడలేదు. ధన్యవాదాలు చెప్పబోతే ఆయన వినిపించుకునేవాడు కాదు, ఒక జోకు చెప్పి వెళ్ళిపోయేవాడు. ఎప్పుడూ అదే జోకు. హాలోవీన్ నాడు కూడా పిల్లల వెనక నిలబడి, తలమీది ఉన్ని టోపీ తీసి సంచీలా చాపి, అదే చెప్పేవాడు. వెర్నా ప్రతిసారీ కొత్తగా విన్నట్టే నవ్వేది. ఆయన టోపీలో మాత్రం కాగితం లేని చాక్లెట్ వేసేది. ఎందుకని అడిగితే ఏం చెప్తుంది, ఆయనకి ఆ కాగితం ఇవ్వడానికి చెయ్యి రాలేదు.

ఈ ఏడు మార్చిలో మునీబ్ గుండె ఆగి పోయాడు.

హాలోవీన్ ఇంకా వారం ఉందనగా ఫిక్రేతా జున్ను పెట్టి కాల్చిన పీటా రొట్టెల పళ్ళెంతో వచ్చింది. పళ్ళెం బల్లమీద పెట్టింది గానీ కూర్చోలేదు. మనవరాలు లేలా ఈసారి ఈ ఇంటికి రానంటోందని చెప్పింది. పోయినేడు ఇచ్చిన కాగితం ఆ పిల్ల చాక్లెట్ డబ్బాలో ఉండిపోయిందట. అప్పటికి బొమ్మ చూసి దాచుకుంది. ఈ మధ్య గడగడా చదవడం వచ్చింది, వెనకవైపు చదివింది. తాతని డేడో అని పిలుస్తుంది లేలా.

"డేడో మంటలో ఉన్నాడా అని అడిగింది నన్ను. అప్పట్నుంచి రాత్రిళ్ళు నా పక్కలో ముడుచుకుని పడుకుంటోంది" అంది ఫిక్రేతా.

వెర్నా నోరు పాత దారే పట్టింది. "అది మా నమ్మకం ఫిక్రేతా. దాచుకుని బతకమంటావా? బడిలో దాచుకున్నది చాలదా?"

"నాకు చెప్పు. నేను నీతో వాదిస్తా, కాఫీ తాగుతా, మళ్ళీ వాదిస్తా. అది పసిపిల్ల వెర్నా. చాక్లెట్ కోసం సంచీ చాపింది, అంతే."

ఫిక్రేతా వెళ్ళాక వెర్నా పోయినేడు ఏరి దాచిన కాగితం ఒకటి తీసి, తిప్పి వెనకవైపు చదివింది. ఇదివరకు చదవక కాదు, చాలాసార్లు చదివింది. నమ్మనివాళ్ళంటే ఎక్కడో దూరాన ముఖాలు లేని జనం అనుకుంది. ఇప్పుడు చదివితే ఉన్ని టోపీ పెట్టుకున్న మనిషి కనిపించాడు. నోర్మాకి ఫోను చేసింది. ముందు వంతెన కూలిందని తెలిసీ చెప్పకుండా పిల్లల్ని పంపితే ఆ పాపం ఎవరిదని నోర్మా అడిగింది. మర్నాడే నోర్మా కాగితాల పెట్టె తెచ్చి గుమ్మంలో పెట్టిపోయింది. ఇస్తే పక్కింటి పిల్ల మళ్ళీ తన గడప తొక్కదు. ఇవ్వకపోతే ఆ క్యాంటీన్‌లోలాగే నోరు మూసుకున్నట్టవుతుంది. వారమంతా వెర్నాకి అన్నం సయించలేదు.

హాలోవీన్ సాయంత్రం ఎప్పటిలాగే అరుగు మీద కూర్చుంది. గిన్నె ఒళ్ళో ఉంది, పెట్టె కుర్చీ కింద ఉంది. ఈసారి చాక్లెట్లకి ఏమీ చుట్టలేదు, కావాలంటే చేత్తో తీసి ఇవ్వొచ్చులే అనుకుంది. మొదటి పిల్లలు వచ్చారు, జోకులు చెప్పారు, ఆవిడ నవ్వింది. చెయ్యి రెండుమూడుసార్లు కుర్చీ కిందకి వెళ్ళి ఖాళీగానే తిరిగొచ్చింది. కళ్ళు పక్కింటి వైపే ఉన్నాయి.

చీకటి పడుతుండగా ఫిక్రేతా కాలిబాట మీద ఆగి, లేలా వీపు మీద చెయ్యి వేసి ముందుకు పంపింది. పిల్ల నెత్తిన తాత ఉన్ని టోపీ, పెదవి పైన బొగ్గుతో గీసిన మీసాలు. ఆ వేషం ఎవరిదో వెర్నాకి చెప్పక్కర్లేదు. అయినా రూలు రూలే.

"జోకేదీ?"

"ముందు ఒకటి అడగాలి మిస్ వెర్నా" అంది లేలా. "మా డేడో మంటలో ఉన్నాడా?"

వెనక డైనోసార్ వేషంలో ఉన్న పిల్లాడు, తొందరగా కానివ్వమన్నాడు. వెర్నా వాడివైపు ఒక్క చూపు చూసింది, వాడు తోక ముడుచుకున్నాడు. ఆవిడ గిన్నె కిందపెట్టి ముందుకు వంగింది.

"ఎవరు ఎక్కడున్నారో చెప్పే పని దేవుడు నాకివ్వలేదమ్మా. ఆ కాగితం నీకు ఇవ్వకుండా ఉండాల్సింది. తప్పు నాది. నాకు తెలిసింది ఒక్కటే. రోజూ పడుకోబోయే ముందు దేవుడితో మాట్లాడతాను. అప్పుడు మీ డేడో పేరు చెప్తాను. ఆయన నా మెట్ల మీద మంచు తీసిన మొదటి రోజు నుంచీ చెప్తున్నాను."

"ఏమని?"

"ఆయన్ని మా పక్కింట్లో పెట్టినందుకు థాంక్స్ అని."

"చనిపోయాక కూడానా?"

"నిన్న కూడా చెప్పాను."

లేలా టోపీ తీసి, అచ్చం తాతలాగే రెండు చేతులా చాపి, గొంతు లావు చేసుకుని మొదలుపెట్టింది. "ఒకాయన పొద్దున్నే మంచు తీస్తున్నాడు. పక్కింటాయన వచ్చి, ఎందుకయ్యా కష్టపడతావ్, దేవుడు వేసిన మంచు దేవుడే తీస్తాడు కదా అన్నాడు. ఆయనేమో, తీస్తాడయ్యా, కానీ మా ఆవిడ దేవుడికంటే ముందు లేస్తుంది అన్నాడు."

వెర్నా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది, దాచుకోలేదు. మునీబ్ పోయాక ఆ జోకు మళ్ళీ వింటాననుకోలేదు. టోపీలో గుప్పెడు చాక్లెట్లు వేసింది, డైనోసార్‌కి జోకు లేకుండానే ఇచ్చేసింది. అది మా వీధి చరిత్రలో మొదటిసారి.

ఫిక్రేతా కాలిబాట నుంచి మెట్ల దాకా వచ్చింది. మొగుడి జోకు మనవరాలి నోట విని ఆవిడ కళ్ళూ తడిశాయి గానీ, గొంతులో మాత్రం పాత చిరాకే. "అందరూ దాన్ని జోకనుకుంటారు. మునీబ్ తనంతట తను లేచేవాడనుకున్నావా? దుప్పటి లాగితే గానీ లేచేవాడు కాదు. ముందు వెర్నా మెట్లు, తరవాత మనవి అని పార చేతికిచ్చి బయటికి తోసేదాన్ని."

వెర్నా కుర్చీలోంచి లేచింది. "ఇన్నేళ్ళూ ఒక్కసారైనా చెప్పలేదేం?"

"నువ్వెప్పుడైనా అడిగావా? నీకు చెప్పడమే సరిపోయె."

ఆ మాట సూటిగా వెళ్ళి తగిలింది. తగిలినా వెర్నాకి కోపం రాలేదు. మొహమ్మీదే అనే మనిషి పక్కింట్లో ఉన్నందుకు హాయిగానే అనిపించింది. లోపలికి వెళ్ళి ఇంకో కుర్చీ తెచ్చి తన పక్కన వేసింది. పెట్టె అడ్డొస్తే కాలితో గోడ వారకి నెట్టింది. మిగిలిన సాయంత్రమంతా ఇద్దరూ పక్కపక్కన కూర్చుని జోకులు విన్నారు. ఫిక్రేతా ఒక్కదానికీ నవ్వలేదు, అందరికీ రెండేసి చాక్లెట్లు ఇచ్చింది. ఆ పెట్టె మర్నాడు నోర్మా ఇంటికి తిరిగి వెళ్ళింది. నోర్మా కొన్నాళ్ళు చర్చిలో మొహం తిప్పుకుంది, అదీ సర్దుకుంది.

ఆ రాత్రి పడుకోబోయే ముందు వెర్నా ఎప్పటిలాగే చేతులు జోడించింది. ముందు ఫిక్రేతా పేరు చెప్పింది, తరవాత మునీబ్ పేరు చెప్పింది.