రెండోపక్క ఎండొద్దూ?

ఊళ్ళో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళే లేరు. అందరికీ ఆమె విప్పులమ్మ. చేతికందిన వస్తువునల్లా విప్పి చూస్తే గానీ ఆమెకు తోచదు మరి. చిన్నప్పుడు పుట్టింట్లో అలారం గడియారం విప్పి వీపు చిట్లగొట్టించుకుంది. కాపురానికొచ్చాక అత్తగారి టార్చిలైటు విప్పి మళ్ళీ బిగిస్తే ఓ స్క్రూ మిగిలిపోయింది. లైటు మాత్రం భేషుగ్గా వెలిగింది. "ఆ మిగిలిన స్క్రూ నీ బుర్రలోంచి ఊడిపడింది కాదు గదా!" అని అత్తగారన్న మాట ఊరంతా తిరిగొచ్చింది.

అలాంటి మనిషికి కరెంటు స్తంభం కూడా లేని ఊరు దక్కింది. పొద్దుగూకితే కిరసనాయిలు బుడ్డి, దాని పొగ, పిల్లల దగ్గు. పట్నంలో ఓ సంస్థ ఆడవాళ్ళకు సోలారు పని నేర్పుతోందని తెలియగానే ఆమె కాలు నిలవలేదు. ఇటుకబట్టీలో పనిచేసే మొగుడు, "వెళ్ళిరా. ఇంట్లో విప్పడానికి ఇంకేం మిగల్లేదు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడనుకోండి.

తిరిగొచ్చేటప్పుడు ఒక సోలారు ప్లేటు, ఒక బ్యాటరీ, ఒక బల్బు, వాటితోపాటు ఒక షరతు తెచ్చింది. ముందు ఒకచోట వెలిగించి చూపించాలి. ఊళ్ళో ఇళ్ళన్నీ సరేనంటేనే అందరికీ సామాను వస్తుంది. శుక్రవారం రాత్రిలోగా ఫోన్‌లో ఆ మాట చెప్పకపోతే సామాను లారీ ఇంకో ఊరికి వెళ్ళిపోతుంది.

ఇంటి పైకప్పుకు బిగించే చట్రం లారీలోనే వస్తుంది కాబట్టి, అప్పటిదాకా ప్లేటును వాకిట్లో మంచంమీద పరిచింది. పగలంతా ఇల్లిల్లూ తిరిగి ఒప్పించే పని ఆమెది, ప్లేటుకు కాపలా అత్తగారిది. ఆవిడకు వోల్టులూ వాట్లూ చెబితే చీపురు తిరగేస్తుంది. అందుకని తెలివిగా ఆవిడ భాషలోనే చెప్పింది.

"గింజలు ఎండబెట్టినట్టే అత్తయ్యా. నీడ పడకూడదు, దుమ్ము పట్టకూడదు. మీకు నేను చెప్పేదేముంది!"

అత్తగారు ఉబ్బితబ్బిబ్బయింది. ఆవిడ ఎండబెట్టిన గింజకు పురుగు పట్టిన పాపాన పోలేదు. ఆ పేరు ఊళ్ళో ఇంకెవరికీ లేదు.

బుధవారం సాయంత్రం జనం మూగారు. బల్బు వెలిగింది, అందరూ అబ్బా అనేలోపే ఎర్రబడి ఆరిపోయింది. కిరసనాయిలు అమ్మే కొట్టు మామయ్య కడుపుబ్బ నవ్వాడు. "దీపాన్ని చూడ్డానికి ఇంకో దీపం తెచ్చుకోవాలా అమ్మాయ్?" అన్నాడు. ఆమె వైర్లన్నీ విప్పింది, తుడిచింది, బిగించింది. గురువారమూ అదే తంతు. ఒప్పుకున్న ఇళ్ళవాళ్ళు కూడా మొహం చాటేశారు. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. ఊరంతా చీకట్లో ఉండిపోయేది తన చేతకానితనం వల్లనేనా అనిపించింది.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె మంచినీళ్ళకని ఇంటికొచ్చింది. వాకిట్లో అత్తగారు కొంగు బిగించి, రెండు చేతులా ప్లేటు పట్టుకుని, బోర్లా తిరగేస్తోంది.

"అయ్యో అత్తయ్యా! ఏం చేస్తున్నారు?"

"కేకలెందుకే? పొద్దున్నించి ఒకపక్కే ఎండుతోంది. రెండోపక్క ఎండొద్దూ? ఇవాళే ఆలస్యమైంది గానీ, మొన్నా నిన్నా పొద్దున్నే తిరగేసి, పొద్దు వాలాక మళ్ళీ ఇటు తిప్పి పెట్టాను. లేకపోతే అటువైపు పచ్చిగా ఉండిపోదూ?"

విప్పులమ్మ గుమ్మంలో చతికిలబడి నవ్వింది. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. కోపమెవరిమీద? చెప్పింది తనే కదా గింజల్లాగా అని! "దీనికి మొహం ఒక్కటే అత్తయ్యా, ఈ నల్లది. ఇది సూర్యుణ్ణి చూస్తేనే బ్యాటరీ నిండేది" అంది. అత్తగారి మొహం వాడిపోయింది. మరుక్షణమే తల ఎత్తి సూర్యుడివైపు చూసింది.

"ఇంకా సగం ఎండుంది. లే! మన వాకిట్లోకి ఇప్పుడు గోడ నీడ వచ్చేస్తుంది. ఇక్కణ్ణించి బడి ముందుకు, అక్కణ్ణించి కళ్ళంలోకి, ఆఖరుకి కొట్టు ముందుకు. పొద్దుగూకేదాకా ఎండుండేది అక్కడే. నా గింజలన్నీ అలాగే తిరిగేవి."

ఇంకేముంది! ప్లేటూ బ్యాటరీ మంచంమీదే ఉంచి, కోడలు తలవైపు, అత్త కాళ్ళవైపు పట్టుకుని ఎండ వెంట పరుగు. నీడ అంచు కాలికి తగిలేసరికి మంచం లేచేది. చూసినవాళ్ళు ముందు నవ్వారు, తర్వాత తలో మంచం కోడూ పట్టారు. చివరికి ఊరేగింపు కొట్టు ముందు దిగింది.

"ఎవర్ని మోసుకొస్తున్నారు వదినా?" అన్నాడు కొట్టు మామయ్య.

"నీ కిరసనాయిల్ని మరిదీ!" అంది అత్తగారు.

సూర్యుడు దిగాడు. సీసాలు పట్టుకుని జనం కొట్టుకు వచ్చే వేళ అది. విప్పులమ్మ బల్బును కొట్టు చూరుకు తగిలించి స్విచ్చి నొక్కింది. తెల్లటి వెలుగు వీధంతా పరుచుకుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆరిపోతుందని అందరూ ఎదురుచూస్తున్నారు. అది ఆరలేదు. ఎరుపు కూడా తిరగలేదు. ఒక పిల్ల వచ్చి దానికింద పుస్తకం తెరిచి కూర్చుంది. మామయ్య తన బుడ్డి ఊదేసి, ఆ వెలుగులోనే తూకం వేశాడు. ముల్లు ఎక్కడ నిలిచిందో వంగకుండానే కనిపించింది ఆయనకు. కాసేపు గొణుక్కుని, "నా కొట్టుకు కొంచెం పెద్దది పెట్టించగలవా అమ్మాయ్?" అన్నాడు.

అంతే, కట్ట తెగినట్టయింది. మాకూ అంటే మాకూ అని అందరూ మీద పడ్డారు. కాదన్న ఇల్లు ఒక్కటీ లేదు. మామయ్య తన ఫోన్ తనే ఇచ్చాడు. అవతలనుంచి సంస్థ అమ్మాయి, "చెప్పండక్కా, అందరూ ఒప్పుకున్నారా?" అని అడిగింది. విప్పులమ్మ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, ఆ వెలుగులో చదువుకుంటున్న పిల్లను చూస్తూ జవాబు సంగతే మరిచిపోయింది. "అక్కా, ఉన్నారా? లారీని పక్క ఊరికి పంపించెయ్యమంటారా?"

అత్తగారు ఫోన్ లాక్కుని, పట్నందాకా వినబడేలా అరిచింది.

"పంపించావంటే ఊరుకోనమ్మాయ్! తెల్లారేసరికి ఇక్కడుండాలి. బోలెడంత ఎండ వృథాగా పోతోంది మాకు!"