జేబులో ఫ్యూజు

అశ్వత్థప్ప రిటైరై నాలుగేళ్లయింది గాని, ఆ సంగతి ఆయన కాళ్లకు ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. పొద్దున్నే కాఫీ గొంతులో పోసుకుని వీధిన పడతాడు. తలెత్తి స్తంభాలు చూసుకుంటూ ఊరి చివరిదాకా నడుస్తాడు. ఏ తీగ జారిందో, ఏ కొమ్మ ఎక్కడ తగులుతోందో అన్నీ ఆయనకే కావాలి. ఇంటికొచ్చి అయిదు నిమిషాలు కూర్చుంటే ఆరో నిమిషానికి మళ్లీ చెప్పులు వెతుక్కుంటాడు.

“కాలు కాలిన పిల్లి అయినా ఒకచోట పండుకుంటాది. ఈయప్పకు యాడ కాలిందో ఏమో,” అని భార్య భాగీరథమ్మ వీధిన పోయేవాళ్లందరికీ చెప్పుకుంటుంది.

మారతహళ్ళి నుంచి వైట్‌ఫీల్డ్ పోయే దారిలో, అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుక్కుపోయిన పాత ఊరు వాళ్లది. సర్కారు కరెంటాఫీసులో లైన్‌మ్యాన్‌గా ముప్పై నాలుగేళ్లు ఆ చుట్టుపక్కలే చేశాడు. ఒంటి మీద ఒక్క మచ్చ లేకుండా బయటపడ్డాడు. ఆ పనిలో అది చిన్న మాట కాదు. దానికి ఆయన చెప్పే కారణం ఒకటే. స్తంభం ఎక్కే ముందు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోయి, పింగాణీ ఫ్యూజులు మూడూ పీకి చొక్కా జేబులో వేసుకునేవాడు. స్విచ్చు ఆపితే తెలియక ఎవడైనా మళ్లీ వేస్తాడు. జేబులో ఉన్న ఫ్యూజును ఎవడు వేస్తాడు? ఆ బరువుకు చొక్కా జేబులన్నీ చిరిగేవి. కుట్టీ కుట్టీ విసిగిన భాగీరథమ్మ చివరికి ప్రతి చొక్కాకూ మందపాటి గుడ్డతో లోపల ఇంకో జేబు కుట్టింది.

తన కింద పని నేర్చుకున్న హరీశ్‌కు కూడా మొదటిరోజే చెప్పాడు. “నీ ప్రాణం నీ జేబులో పెట్టుకోని ఎక్కరా. ఇంకొకరి చేతికి ఇయ్యద్దు.” ఇప్పుడు ఆ ఊరి లైన్‌మ్యాన్ హరీశే. ఫ్యూజులు జేబులో వేసుకుంటాడు గాని, అంతటితో ఆగడు. తీగకు ఎర్తు రాడ్డు తగిలించి, దాని గొలుసును నేలలోకి దించాకే చెయ్యి పెడతాడు. పొరపాటున తీగలోకి కరెంటు వచ్చినా మనిషిలోకి రాకుండా ఆ గొలుసు వెంట భూమిలోకి పోతుంది. అది చూసినప్పుడల్లా అశ్వత్థప్పకు నవ్వు. “పెండ్లికూతురికి నగలు పెట్టినట్లు లైనుకు గొలుసులు వేస్తాడప్పా వీడు! ఫ్యూజు జేబులో ఉండంగా ఇంకేంటికిరా భయం?” హరీశ్ నవ్వేసి తన పని తాను చేసుకునేవాడు.

ఇక పాల సంఘం సంగతి చెప్పాలి. ఒకప్పుడు ఆ ఊళ్లో ఇంటికో ఆవు ఉండేది. పొలాలు పోయాయి, గడ్డి పోయింది, ఆవులూ పోయాయి. సంఘం భవనం, దాంట్లో వాటాలున్న నలభై కుటుంబాలూ మిగిలాయి. రెండేళ్ల క్రితం ఒక కంపెనీ మనిషి వచ్చి, భవనం కప్పు పాతికేళ్లకు రాసిస్తే సోలార్ పలకలు తామే వేసి, ఆ కరెంటును తక్కువ ధరకు అమ్ముతామన్నాడు. సంఘం అధ్యక్షుడు చిక్కమునియప్ప అంతా విని, “ఆవులు మావి, పాలు మావి అని ఇన్నేండ్లు బతికినాము. మా నెత్తిన కొట్టే ఎండ మాత్రం నీదెట్లాయెనప్పా?” అని మజ్జిగ తాగించి పంపేశాడు. సొమ్మొకడిది సోకొకడిది అయ్యే బేరం ఆ ఊరివాళ్లకు కొత్త కాదు మరి. నలభై ఇళ్లవాళ్లూ తలా ఇంత వేసుకుని తామే పలకలు పెట్టించుకున్నారు. సంఘం వాడుకోగా మిగిలిన కరెంటు సర్కారు లైనులోకి పోతుంది. ఎండ లేనప్పుడు ఆ లైన్లోంచే తెచ్చుకుంటారు. చూసుకునే బాధ్యత, జీతం లేకుండా, అశ్వత్థప్పది. ఆ రోజుతో ఆయన వయసు పదేళ్లు తగ్గింది. గంటకోసారి మేడెక్కి పలకలు తుడిచి వచ్చేవాడు.

అయితే దాంతో ఒక చిక్కుంది. లైన్లో కరెంటు పోతే పలకలూ ఆగిపోతాయి. అలా ఆగకపోతే ఆ కరెంటు వెనక్కి లైన్లోకి పారి, స్తంభం మీదున్నవాణ్ణి మింగేస్తుంది. ఇది ఎంత చెప్పినా జనానికి ఎక్కలేదు. “నెత్తిన ఎండ మండతా ఉండాది, పలకలు మనవి, ఫ్యాను మాత్రం తిరగదు. ఏం సొంతమప్పా ఇది?” అని చిక్కమునియప్ప నలుగురిలో అనేశాడు. సంఘం హాల్లో తొమ్మిదిమంది ఆడవాళ్లతో కుట్టుపని నడిపే ఫర్హానా కరెంటు పోయినప్పుడల్లా మిషన్ల ముందు చేతులు కట్టుకుని కూర్చునేది. అదే అశ్వత్థప్పకు ఎక్కువ గుచ్చుకుంది.

చేతిలో విద్య ఉన్నవాడు ఊరుకుంటాడా! పాత బ్యాటరీలు, ఒక ఇన్వర్టర్ తెచ్చి బిగించాడు. సంఘం ఒకేసారి రెండు పక్కలకీ కలవకుండా, ఉంటే లైను, లేకుంటే బ్యాటరీ అన్నట్టు మధ్యలో ఒక పిడి స్విచ్చు పెట్టాడు. పోయిన వారం ఆ పిడి స్విచ్చు కాలిపోయింది. కొత్తది మారతహళ్ళిలో కొట్టువాడు సోమవారం తెప్పిస్తానన్నాడు. అంతదాకా ఆపడానికి మనసొప్పక అశ్వత్థప్ప తీగలు నేరుగా కలిపేశాడు. కరెంటు పోగానే ముందు సంఘం మెయిన్ ఫ్యూజు పీకి జేబులో వేసుకునేవాడు, తర్వాత బ్యాటరీ స్విచ్చు వేసేవాడు. పిడి లేకపోతేనేం, తను లేడా? ఫ్యూజు పీకడం ఎవరికీ చెప్పలేదు, చూపించలేదు. మూడు రోజుల ముచ్చటకు ఎందుకులే అనుకున్నాడు.

సోమవారం మధ్యాహ్నం కొత్త స్విచ్చు కొని, సంచి ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాడు. బస్సు అంగుళం అంగుళం కదులుతోంది. కాలక్షేపానికి ఫోను తీస్తే ఫర్హానా గొంతు రికార్డు చేసి పంపిన మెసేజ్ ఉంది. వచ్చి ఎనిమిది నిమిషాలైంది.

“అంకుల్, కరెంటు పోయింది. మన స్తంభం కాడ ఏమో తీగ తెగిందంట, హరీశన్న వచ్చి ఉండాడు, ఒక గంట అవుతాది అన్నాడు. స్కూలు యూనిఫారాలు ఈ పొద్దే ఇయ్యాల. మీరు వేస్తారు కదా స్విచ్చు, అది నేనే వేసేసినాను. అన్ని మిషన్లూ నడస్తా ఉండాయి!”

అశ్వత్థప్ప చెయ్యి దానంతటదే చొక్కా లోపలి జేబుకు పోయింది. జేబు ఖాళీ.

ఫ్యూజు సంఘం గోడ మీద, దాని చోట్లో అది ఉంది. బ్యాటరీ కరెంటు వెనక్కి లైన్లోకి పోతోంది. తెగిన తీగకు ఇవతల, సంఘం ముందున్న ఆ చివరి స్తంభం మీద ఉన్నది సంఘం కనెక్షనొక్కటే. కరెంటు పంచుకుని ఇన్వర్టర్‌ను కుప్పకూల్చడానికి ఇంకో ఇల్లయినా లేదు. హరీశ్ జేబులో మూడు ఫ్యూజులూ వేసుకుని, గురువు చెప్పిన మాట మీద నమ్మకంతో ఎక్కుతాడు.

హరీశ్‌కు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. ఎక్కేముందు ఫోను కింద పెట్టమని నేర్పింది తనే. ఫర్హానాకు చేశాడు. తొమ్మిది మిషన్ల చప్పుడులో ఆమెకెక్కడ వినపడుతుంది! భాగీరథమ్మకు చేశాడు.

“సంఘానికి పరిగెత్తు! బ్యాటరీ స్విచ్చు ఆపమను! హరీశ్‌ను దిగమను!”

“ఏమైందప్పా?”

“పో అంటా ఉంటే!”

ఆమె మోకాళ్లు ఎలాంటివో ఆయనకు తెలుసు. బస్సు దిగేశాడు. సంచి చంకలో పెట్టుకుని, నిలిచిపోయిన కార్ల మధ్యనుంచి పరిగెత్తాడు. మళ్లీ ఇంటికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆమె ఫోను ఇంట్లోనే వదిలిపోయింది. ఒక చెప్పు ఎక్కడో తెగిపోయింది. ఎదురుగా ఆంబులెన్స్ కూత వినిపిస్తే నిలువునా చచ్చిపోయాడు. అది వేరే దారిన పోయింది. దేవుణ్ణి ఏమని మొక్కుకోవాలో తోచలేదు. ఆ గొలుసు, ఆ వెధవ గొలుసు, వాడు ఈ పొద్దు కూడా వేసుంటే చాలు అనుకుంటూ పరిగెత్తాడు.

సంఘం ముందు మనుషులు గుమిగూడి ఉన్నారు. మెట్ల మీద భాగీరథమ్మ మోకాలు పట్టుకుని రొప్పుతోంది. ఫర్హానా ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. అరుగు మీద హరీశ్ నీళ్లు తాగుతున్నాడు.

అశ్వత్థప్ప స్తంభాన్ని ఆనుకుని నిలబడిపోయాడు.

హరీశ్ లేచి రాలేదు. జేబులోంచి మూడు ఫ్యూజులూ తీసి ఒక్కొక్కటే అరుగు మీద పెట్టాడు.

“చూడన్నా. నువ్వు చెప్పినట్లే పీకి జేబులో పెట్టుకుంటి. రాడ్డు తగిలిస్తే ఫట్టున నిప్పు లేచింది. లోపల మిషన్లు ఆగిపోయినాయి.” మూడో ఫ్యూజును ముందుకు తోశాడు. “ఫ్యూజులు నా దగ్గరే ఉండాయి కదా. కరెంటు యాడ్నించి వచ్చిందన్నా?”

ఫర్హానా ఏదో చెప్పబోయింది. అశ్వత్థప్ప చెయ్యెత్తి ఆపాడు.

“నా దగ్గర్నించి వచ్చిందిరా,” అన్నాడు. “ఆ పాప తప్పేం లేదు. ఫ్యూజు పీకేది నేను ఆమెకు చూపించలేదు.”

హరీశ్ ఫ్యూజులు మళ్లీ జేబులో వేసుకుని, “ఆఫీసుకు రాయాల్సి వస్తాదన్నా,” అన్నాడు.

“రాయి. నా పేరు రాయి.”

పేరు ఆయనదే రాసినా, కనెక్షన్ తీసింది సంఘానికే. మూడు వారాల పాటు పలకలు ఎండలో ఊరికే మెరిశాయి. యూనిఫారాల పని వేరేవాళ్లకు పోయింది. చిక్కమునియప్ప ఎదురైతే ముఖం తిప్పుకున్నాడు. కొత్త స్విచ్చు పద్ధతి ప్రకారం బిగించి, ఆఫీసువాళ్లు చూసి సరేనన్నాక, అశ్వత్థప్ప తాళాలు ఫర్హానా చేతికిచ్చాడు. ఏది ముందు, ఏది తర్వాతో పదిసార్లు ఆమె చేతనే చేయించాడు. ఏదీ దాచలేదు.

ఆయన కాళ్లు మాత్రం అంతే, నిలవవు. ఊళ్లో కరెంటు పోయిందంటే చాలు, హరీశ్ ఏ స్తంభం దగ్గరున్నాడో వెతుక్కుంటూ పోతాడు. కింద నిలబడి తలెత్తి చూస్తుంటాడు. చెయ్యి ఖాళీ జేబులో ఉంటుంది.

“ఇంటికి పో అన్నా, ఎండ మండతా ఉండాది,” అంటాడు హరీశ్ పైనుంచి.

“గొలుసు వేసినావా?”

హరీశ్ కాలితో గొలుసును కదిలిస్తాడు. అది గలగలమంటుంది.

“విన్నావా? ఇంక పో.”

“నువ్వు దిగు, పోతా,” అంటాడు అశ్వత్థప్ప.