కొట్టకపోతే నిద్రపోతాడు

మా అత్తగారు మాంసం కొట్టే మనిషి. తొడ ఎముక ఎంత లావుదైనా ఒక్క వేటుకు రెండు ముక్కలు కావాలి. రెండో వేటు వేసిందంటే ఆ రోజు ఆవిడకు ఒంట్లో బాగాలేదని అర్థం. తూకం దగ్గర నిలబడేది నేను. పదకొండేళ్ళుగా నా చెవుల్లో ఆ వేటు చప్పుడే.

మాది మంచు కురిసే కొండ ఊరు, చలికాలం వస్తే మా వీధి వీధంతా మంచుగడ్డ. కొళాయిలో నీళ్ళు బిగుసుకుపోతాయి, తాళంలో తాళంచెవి తిరగదు, ఇనుము పట్టుకుంటే అరచేతి తోలు దానికే అంటుకుని ఊడొస్తుంది. వచ్చినవాళ్ళంతా "చలి చంపేస్తోందండీ" అంటారు. "చంపమనండి చూద్దాం, నా చేతిలోనూ కత్తుంది" అంటుంది మా అత్తగారు. కొళాయి గడ్డకడితే "హమ్మయ్య, ఇవాళ అంట్లు తోమక్కర్లేదు" అంటుంది. ఒక ఏడాది గుమ్మం ముందు జారి బోర్లా పడి ముందు పన్ను ఊడింది. నోటినిండా రక్తంతోనే లేచి, పన్ను ఏరుకుని జేబులో వేసుకుని, "ఎలాగూ పీకించాలనుకున్నదే. పోనీలే, పక్కది ఊడలేదు" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. దెబ్బ తగిలితే ఏడ్చే మనిషిని ఓదార్చవచ్చు, నవ్వే మనిషిని ఏం చేస్తాం?

ఆవిడ నవ్వు చెల్లని చోటు ఒకటుంది. అది మా చిన్నమామయ్య, అంటే ఆవిడ మరిది. కొట్టు అన్నదమ్ములిద్దరిదీ. మా మామగారు ఆరేళ్ళ కిందట, ఇలాంటి చలిలోనే, మాంసం బుట్ట ఎత్తుతూ గుండె ఆగి పడిపోయారు. శవం ఇంకా ఇంట్లో ఉండగానే చిన్నమామయ్య అందరి ముందూ, "చలిలో గొడ్డుచాకిరీ చేయించి మా అన్నను నువ్వే చంపావు" అన్నాడు. ఆ మాట ఆయన వెనక్కి తీసుకోలేదు, ఆవిడ మింగలేదు. అప్పటినుంచి పక్కపక్కనే నిలబడి మాంసం కొడుతూ ఉప్పూ నిప్పూలా ఉన్నారు. వేరేచోట "నమస్కారం" అన్నట్టు మా కొట్లో "చంపేస్తా" అంటారు. ఒకసారి ఆవిడ విసిరిన ఎముక ఆయన కనుబొమను చీల్చింది. ఇంకోసారి ఆయన తోస్తే ఆవిడ మణికట్టు విరిగింది. కట్టు కట్టించుకొచ్చి, "ఎడమ చెయ్యి, నయం" అంది.

ఆ రోజు గొడవ హీటరు గురించి. కొట్లో ఉన్నది ఒక్కటే. పొద్దున పదింటికి ఆయన దాన్ని తన వైపు తిప్పుకుని, మాంసం తేవడానికి ఫ్రీజర్ గదిలోకి వెళ్ళాడు. ఆవిడ తిట్టుకుంటూ వెనకే వెళ్ళింది. ఆ గది తలుపు జానెడు మందం. లోపలినుంచి తీసే పిడి చలికాలంలో గడ్డకట్టి కదలదు. అందుకని తలుపుకు చెక్క దిమ్మ అడ్డం పెట్టిగానీ ఎవరూ లోపలికి వెళ్ళరు. ఆయన పెట్టే వెళ్ళాడు. లోపల మాటా మాటా పెరిగి ఆవిడ భుజం పట్టి తోశాడు. ఆవిడ వేలాడుతున్న మేకల మధ్య పడి, లేచి, ఆయన మోకాలు చూసి తన్నింది. గురి తప్పింది. దిమ్మ ఎగిరిపోయి తలుపు మూసుకుంది.

బయట నాకు వినిపించింది ఇంతే: ధడ్, ధడ్, కేకలు, మళ్ళీ ధడ్. అంత మందం తలుపులోంచి మాటలు తెలియవు, కోపం ఒక్కటే తెలుస్తుంది. గడ్డకట్టిన మేక తొడతో తలుపు బాదుతున్నారని నాకేం తెలుసు? ఒకరినొకరు బాదుకుంటున్నారనుకున్నాను. మాంసానికొచ్చిన ఇద్దరు నా మొహం చూశారు. "రోజూ ఉండేదేలెండి" అని రేడియో గట్టిగా పెట్టాను.

లోపల జరిగింది ఆవిడే తర్వాత చెప్పింది. ఇద్దరి ఒంటి మీదా స్వెట్టరు, ఏప్రాన్ తప్ప ఏమీ లేవు. అరగంటకు ఆయన మేక తొడ కింద పడేసి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"వదినా, ఇప్పుడు వెచ్చగానే ఉందే" అన్నాడట.

చలిలో వెచ్చగా ఉందన్నవాడు నిద్రపోతే ఇక లేవడని ఆవిడకు తెలుసు. చెంప పగలగొట్టింది. "లేవరా! నువ్వు కొట్టిన ముక్క ఒక్కటైనా తిన్నగా ఉందా? పిల్లి కొరికినట్టుంటుంది!" అంది. ఆయనకు రోషం పొడుచుకొచ్చింది. లేచి ఆవిడ దవడ మీద ఒకటిచ్చాడు. పెదవి చిట్లింది. "ఆఁ, అదీ! ఇంకోటి కొట్టు!" అంటూ ఆవిడ ఆయన డొక్కలో గుద్దింది. అలా వంతులేసుకుని కొట్టుకున్నారు. ఆయన కళ్ళు మూతపడ్డప్పుడల్లా ఒక తిట్టు, ఒక దెబ్బ. ఆయన చదువును తిట్టింది, బట్టతలను తిట్టింది, పెళ్ళినాడు ప్యాంటు చిరిగిన సంగతి ఎత్తింది. చివరికి తిట్లు అయిపోయాయి. ఆయన మళ్ళీ పక్కకు ఒరిగిపోతున్నాడు.

"అవున్రా, మీ అన్నను నేనే చంపాను!" అని అరిచిందట. "ఏం చేస్తావు? లే, లేచి నన్ను చంపు!"

ఆయన కళ్ళు తెరిచాడు. చెయ్యి మాత్రం లేవలేదు.

"కాదు వదినా. అన్నయ్యే ఎవరి మాటా వినేవాడు కాదు. నాకు తెలుసు" అన్నాడు.

"అప్పుడు వేసిందే నాకు భయం!" అని చెప్పింది మా అత్తగారు. "వాడు నా వైపు మాట్లాడాడంటే ప్రాణం పోతున్నట్టే కదా!"

బయట నాకు చప్పుడు వినిపించడం ఆగిపోయింది. నిజం చెబుతాను, హమ్మయ్య అనుకున్నాను. రేడియో తగ్గించి టీ పోసుకున్నాను. ఒకరు చచ్చారేమోనన్న ఆలోచన వచ్చింది. వచ్చినా లేవలేదు, టీ తాగాను. అత్త లేని కోడలు ఉత్తమురాలన్న సామెత కూడా గుర్తొచ్చింది, నవ్వుకున్నాను. అంతలో ఒకాయన కుక్కను వెంటబెట్టుకుని వచ్చి, "దీనికి ఎముకలేమైనా ఉన్నాయా అమ్మా?" అన్నాడు. ఎముకల సంచి ఫ్రీజర్ గదిలో ఉంది. విసుక్కుంటూ వెళ్ళి తలుపు లాగాను.

గోడకు ఆనుకుని చిన్నమామయ్య, ఆయన భుజం మీద సగం వాలిపోయి మా అత్తగారు. ఇద్దరి మొహాలూ వాచి, రక్తం గడ్డకట్టి ఉన్నాయి. ఆవిడ చెయ్యి ఇంకా ఆయన చెంప మీద పడుతూనే ఉంది. ఆ దెబ్బకు దోమ కూడా చావదు. చంటిపిల్లను జోకొడుతున్నట్టుంది. నేనూ ఆ కుక్కాయనా కలిసి ఇద్దర్నీ బయటికి ఈడ్చాం.

ఆస్పత్రిలో చిన్నమామయ్య కాలివేళ్ళు రెండు తీసేశారు. ఆయన మొహం చూసి నర్సు పోలీసుల్ని పిలుస్తానంది.

"ఇలా ఎవరు కొట్టారండీ మిమ్మల్ని?"

"మా వదిన" అన్నాడు వాచిన నోటితో. "చచ్చేట్టు కొట్టింది కాబట్టే బతికాను. ఆవిడ చేతులకు కట్టు కాస్త మెత్తగా కట్టండమ్మా."

"పదీ పోలేదుగా, రెండేగా పోయింది" అంది పక్క మంచం మీదనుంచి మా అత్తగారు. "చెప్పులు వదులవుతాయి, అంతే" అని గోడవైపు తిరిగి ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి.

ఇప్పటికీ కొట్లో యుద్ధం మామూలే. కాకపోతే మధ్యలో చప్పుడు ఆగితే ఇద్దరూ ఉలిక్కిపడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. వచ్చినవాళ్ళందరికీ ఆవిడ ఆ రోజు సంగతి చెబుతుంది.

"గొడవ వినిపిస్తే చోద్యం చూడ్డానికి లోకమంతా వస్తుందండీ. చప్పుడు ఆగిందని పరిగెత్తుకొచ్చింది మాత్రం నా కోడలే. కన్నకూతురైనా అలా కనిపెట్టదు. చల్లగా ఉండాలి నా తల్లి!"

"చల్లగా వద్దులే వదినా, వెచ్చగా ఉండనీ" అంటాడు చిన్నమామయ్య. అందరూ నవ్వుతారు. నేను తల వంచుకుని కాటా తుడుస్తాను. కుక్క ఎముకల కోసం తలుపు తీశానని ఆవిడకు ఇంతవరకూ చెప్పలేదు. కోప్పడుతుందని కాదు. "పోనీలే, కుక్కైనా వచ్చింది" అని నవ్వేస్తుంది. ఆ నవ్వు నేను భరించలేను.