గాలం కట్టెలు పట్టుకునే మనిషి

డెబ్బైల చివర్లో నేను కోడలిగా వచ్చిన మట్టెవాడ ఇంటికి ఒకటే దర్వాజ. ఆ గడప పక్కనే మా అత్త చాట ముందేసుకొని బియ్యం ఏరుతూ కూర్చునేది. "యాడికే?" అని ఆమె అడిగితే జవాబు ఉండాలి. ఉప్పుకూ నూనెకూ మరిది పోయేవాడు, నీళ్ల బావి ఇంట్లోనే ఉండేది. నాకు ఏ జవాబూ దొరికేది కాదు.

నా పెనిమిటికి చేపల పిచ్చి. వానలు వెనకపట్టాక ఆయన ఆఫీసువాళ్లు ఊరి బయట చెరువు మీద గాలాల పోటీ పెట్టుకునేవారు. దానికి ముందు ఆదివారాలన్నీ ఆయన చెరువు చూసి రావాల్సిందే. తాడుకు రాయి కట్టి లోతు చూడడం, ఎర మార్చి మార్చి వేయడం. నన్ను చూడడానికి వచ్చిననాడు చాయ్ చల్లారకముందే లేచి వెళ్లిన మనిషి, చెరువును పొద్దుగూకేదాకా చూసేవాడు.

అయితే వెదురు కట్టెలు మనిషి కంటే పొడుగు. సైకిలుకు అడ్డంగా కడితే గల్లీ మలుపులు తిరగవు. వెనక క్యారియర్ మీద ఎవరో ఒకరు కూర్చొని నిలువుగా పట్టుకోవాలి. మరిది నామోషీ అన్నాడు. అట్లా నాకు జవాబు దొరికింది.

"కట్టెలు పట్టుకోను పోతున్న అత్తమ్మా."

చెరువు కట్ట ఎక్కగానే ఊపిరాడేది. కొంగు జారితే అడిగేవాళ్లు లేరు. తిరిగి మా గల్లీలోకి వచ్చేసరికి కొంగు మళ్లీ సర్దుకునేదాన్ని.

రెండేళ్లు ఆయనకు పోటీలో ఒక్క చేపా పడలేదు. మూడో ఏడు అత్త గయ్యిమంది.

"పెండ్లిచూపులకు పోయినట్టు పోవట్టె, ఉత్త చేతుల్తోని రావట్టె. ఈసారి గూడ గట్లనే వస్తే కట్టెలు పొయ్యిల పెడ్త!"

ఆమె పొయ్యిలో పెట్టేది నా ఆదివారాలను.

ఆ వారం చెరువు దగ్గర నేను ఊరికే కూర్చోలేదు. అందరూ లోతుందని తూము దగ్గరే గాలం వేసేవారు. నేను తొర్రూరు దిక్కు బర్రెలు కాసిన పిల్లను.

"గాడ బర్రెలు లేచిపోయినంక బుడగలు వస్తానయి జూడుండి. బురద కదిల్తె చేపలు మేతకొస్తయి. గాడ కూసోండి."

"నీకేం ఎర్కనే," అన్నాడు గానీ, పోయి గాలం వేశాడు. కాసేపటికే కట్టె వంగింది.

పోటీ నాడు ఆఫీసు బండిలో మగవాళ్లే పోయేవారు. ఆయన బర్రెల రేవులోనే కూర్చున్నాడట. "బర్లు కాస్తానవా?" అని దోస్తులు నవ్వారట. సాయంత్రానికి చేతి పొడుగు బొచ్చె చేపతో, మొదటి బహుమతితో ఇంటికొచ్చాడు. ముందుగా చెరువు చూసి వస్తే లాభముందా అని ఎవరడిగినా, ఉందనే చెప్తాను. ఆ పూట అత్త రెండు ముక్కలు వేయించుకొని తిని, "పోరా, యేటా పో," అంది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

బహుమతి ఒక స్టీలు గాలం కట్టె. ముక్కలుగా ఊడదీసి గుడ్డ సంచిలో పెట్టుకోవచ్చు. ఆయన చిన్నపిల్లాడిలా రోజూ దాన్ని బిగించేవాడు, విప్పేవాడు. నేనూ పక్కన కూర్చొని మురిసిపోయాను. నా బుద్ధికి అప్పుడేమీ తట్టలేదు.

మరుసటి ఏడు మొదటి ఆదివారం తల దువ్వుకొని, పూలు పెట్టుకొని గడప దగ్గరికొచ్చాను. ఆయన సంచిని క్యారియర్‌కు కడుతున్నాడు, నేను కూర్చునే చోట.

"ఇగ నీకు తిప్పలు తప్పినయి," అన్నాడు, నిజంగానే సంతోషంగా.

సైకిలు ఎక్కడా తగలకుండా గల్లీ మలుపు తిరిగింది. నేను గడప మీదే నిలబడి ఉన్నాను.

"యాడికే?" అంది అత్త.

"యాడికి లేదత్తమ్మా."